పుల్లయ్య అసలు పేరు

పామర్రు దగ్గర ఆ ఇంట్లో మధ్యాహ్నం ముందుగా వడ్డించేది మనుషులకి కాదు, విస్తరికి. శౌరమ్మ వేడన్నంలో పప్పూ నెయ్యీ కలిపి, మూడు చిన్న ముద్దలు చేసి, వెనక వసారాలో పరిచిన విస్తట్లో పెట్టి లోపలికొచ్చేసేది. ఇంట్లోవాళ్ళు తిని చేతులు కడుక్కునేసరికి ముద్దలుండేవి కావు. ఆకు మీద బుల్లి వేళ్ళ గీతలుండేవి. ఆ విస్తరి కుట్టి యాభై రెండేళ్ళయింది. ఇంకా పచ్చగానే ఉంది.

"పిల్లలు తిన్నారా అమ్మా?" అనడిగేవాడు కొడుకు పుల్లయ్య.

"తిన్నార్రా. రాయప్పే, కారమని గునుస్తూ తిన్నాడు."

ఊళ్ళో ఎవరికీ అదో వింత కాదు. పక్కింటి వీరమ్మ పచ్చడి పంపితే "పిల్లలకి పెట్టకు పిన్నీ, మండుద్ది" అని చెప్పి మరీ పంపేది.

పుల్లయ్య కూతురు అమలమ్మకి మాత్రం ఆ ఆకంటే ఒళ్ళుమంట. ఇంటిల్లిపాదికీ పునీతుల పేర్లుంటే తన తండ్రికే ఆ పేరేమిటి? హాస్టల్లో పిల్లలు "ఎంగిలాకు కూతురా" అని పిలిస్తే ఏడ్చింది. పెళ్ళికి శుభలేఖలు వేయించినప్పుడు తండ్రి పేరు పాల్ అని అచ్చు కొట్టించింది. ఆ శుభలేఖలు పుల్లయ్యే సైకిలు తొక్కుకుంటూ పంచాడు. "ఈ పాల్ ఎవరయ్యా?" అని ఎవరన్నా అడిగితే, "పెళ్ళికూతురి నాన్నంటండీ" అని నవ్వాడు.

అమలమ్మ కాపురం బెజవాడ వన్ టౌన్‌లో, మేడ మీద ఒంటిగది. భర్త ఏసుపాదం ఆటోనగర్‌లో వెల్డరు. ఆమె రవికలు కుడుతుంది. ఇద్దరు పిల్లలు పుట్టారు, ఇద్దరూ రెండో ఏట పోయారు. ఇద్దరిదీ ఒకటే తీరు. మిట్టమధ్యాహ్నం ఎవరూలేని గుమ్మం వైపు తల తిప్పి నవ్వడం, ఎత్తుకోమన్నట్టు చేతులు చాపడం, మర్నాడు జ్వరం. డాక్టర్లు దానికేవో పేర్లు పెట్టారు. పేర్లు పెట్టడం తప్ప వాళ్ళూ ఏం చెయ్యలేకపోయారు.

డెబ్భై ఐదు వేసవిలో మూడోది, జెసింత, గుమ్మం వైపు తిరిగి నవ్వింది. మర్నాడు పొద్దున్నే అమలమ్మ పిల్లనెత్తుకుని పామర్రు బస్సెక్కింది. దిగేసరికే పిల్ల ఒళ్ళు కాలిపోతోంది.

సంచీ కూడా కింద పెట్టకుండా, "నాయనమ్మా, నాన్నకి ఆ పేరెందుకు పెట్టావు?" అంది.

"ఇప్పటికి అడగబుద్ధయిందా? మార్చేటప్పుడు అడగాల్సింది కదే!" అంది శౌరమ్మ. పిల్ల నుదురు తాకి చూశాక ఆమె గొంతు మారిపోయింది.

"జ్ఞానప్రకాశం, ఇన్నాసమ్మ, రాయప్ప. ముగ్గురూ నా చేతి ముద్ద రుచి మరిగాక పోయారు. మొదటివాడు పోయాక వాడికి తోడు కావాల్సొచ్చింది. తర్వాతిదాని జ్ఞానస్నానమప్పుడు ఫాదరుగారు గట్టిగా పేరు పిలిస్తే వాడు విన్నాడు. పేరు తెలిస్తే పిలుస్తారు, పిలిస్తే మనవాళ్ళు వెళ్తారు. తప్పని ఎట్టా అంటానే, నా బిడ్డలేగా! మీ నాన్న పుట్టినప్పుడు పేరు చెవిలోనే చెప్పమని ఫాదరుగారి కాళ్ళు పట్టుకున్నాను. ఇంటికొస్తూ, పెళ్ళివారు తిని పారేసిన విస్తట్లో పడుకోబెట్టాను. దారినపోయే రత్తమ్మ ఎత్తుకుని, 'ఎవరిదమ్మా ఈ పుల్లాకు?' అంది. నాది కాదన్నాను. 'నాకూ అక్కర్లేదు' అని నా ఒళ్ళో పడేసింది. పారేసినదాని జోలికి వాళ్ళు రారు. అట్టా పుల్లయ్యయ్యాడు, బతికాడు. నువ్వేమో నీ పిల్లల పేర్లు మైకులో పిలిపిస్తివి, ఊరంతా వినేట్టు. ఇప్పుడు ఐదు ముద్దలు పెడుతున్నాను."

"దీన్నీ విస్తట్లో పడుకోబెట్టు నాయనమ్మా."

"నీ ఇద్దరికీ నీకు చెప్పకుండా చెరొకటీ కుట్టానే. సాయంత్రానికే ఎండిపోయాయి. నిలిచింది ఆ ఒక్క ఆకే. అది ఒక్క ప్రాణాన్నే దాస్తుంది."

పక్కనే కూర్చున్న పుల్లయ్య లేచి వసారాలోకి వెళ్ళాడు. విస్తరిని కడిగి, తుండుతో తుడిచి, తెచ్చి వీధరుగు ముందు పరిచాడు.

"వద్దు నాన్నా."

"వద్దనడానికి నువ్వెవరమ్మాయ్? మీ నాన్న పాల్ కదా!" అని నవ్వాడు. ఆ నవ్వులో ఎత్తిపొడుపేమీ లేదు, అందుకే అమలమ్మకి అంతగా తగిలింది.

పిల్లని పడుకోబెట్టారు. అది పెరటి వైపు తల తిప్పి రెండు చేతులూ చాపింది. వీరమ్మ, ఎప్పుడూ చూడని మనిషిలాగా వీధివెంట నడిచొచ్చి, పిల్లనెత్తింది.

"ఎవరిదమ్మా ఈ పుల్లాకు?"

అమలమ్మ పిల్ల కోసం చెయ్యి చాపబోయింది. శౌరమ్మ తొడపాశం పెట్టింది.

"నాది కాదు" అంది అమలమ్మ. కన్నవాణ్ణి కాదని అచ్చే వేయించింది గానీ, కన్నదాన్ని కాదనేసరికి అరుగు మీద కూర్చుండిపోయింది.

"నాకూ అక్కర్లేదు. నువ్వే ఉంచుకో, పుల్లమ్మని" అని వీరమ్మ ఆమె ఒళ్ళో పడేసింది. పిల్ల చాపిన చేతులు దించి తల్లి కొంగు నోట్లో పెట్టుకుంది. నుదుటి మీద చెమట పోసింది.

పుల్లయ్య చొక్కా బొత్తాలు పెట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. మునగచెట్టు కింద నిలబడి, కొత్తచోట తనెవరో చెప్పుకుంటున్నట్టు, "నా పేరు అరుళప్ప" అన్నాడు గట్టిగా. యాభై రెండేళ్ళలో ఆ పేరు గాలికి తగలడం అదే మొదలు.

శౌరమ్మ గడప మీద కూలబడింది. ఆపలేదు. "ఇన్నాసమ్మకి ఎండ పడదురా. నీడన ఆడించు" అంది.

"ఆఁ, వస్తున్నా" అన్నాడు పుల్లయ్య. తల్లికి కాదు. అమలమ్మ పరుగెత్తుకొచ్చేసరికి చెట్టు మొదలుకి ఆనుకుని కూర్చునున్నాడు. చూపు మోకాలెత్తున ఎవరి మీదో నిలిచిపోయింది.

వన్ టౌన్ గదిలో ఇప్పుడు మిషను పైన ఆ విస్తరి వేలాడుతుంది, పచ్చగా. నెల తిరిగాక ఒక మధ్యాహ్నం అమలమ్మ రవిక కుడుతుంటే, గుమ్మం అవతలనుంచి చిన్న గొంతులు పిలిచాయి.

"జెసింతా..."

దారపు ఉండ కొరుకుతున్న పిల్ల తలెత్తలేదు. అమలమ్మ కాలు మిషను మీద ఆగిపోయింది.

"ఆ పేరుగల పిల్ల ఈ ఇంట్లో లేదర్రా" అంది ఒక పెద్ద గొంతు, నవ్వుతూ. "పదండి, అన్నం వేళయింది. అమ్మ చూస్తుంటుంది."

మెట్లు దిగుతున్న అడుగులు వినిపించాయి. ఐదు జతలు చిన్నవి, ఒకటి పెద్దది.