చాప కిందికి వచ్చిన మాస్టారు

"ఆ రేడియో తగ్గిస్తావా, తెచ్చి నిప్పుల్లో పడెయ్యమంటావా?" వంటపాకలోంచి సినాపాతి అత్తగారు కేకేసింది.

"తగ్గించే ఉంచాను మామ్మా," అంది మాసీనా.

"తగ్గించావా! సముద్రంలో చేపలు కూడా వింటున్నాయి. దేవుడి పాటలు కూడా అంత గోలగా వింటారుటే?"

"నాకు వినపడొద్దా మరి?"

మాసీనా తల్లి సినాపాతి చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి పొట్లాలు మడుస్తోంది. ఇవాళ ఆదివారం, చర్చినుంచి రాగానే ఇంటిల్లిపాదీ కలిసి తినాలి. పొట్లాలు కాల్చే పొయ్యిరాళ్ళు ఎర్రగా కాలాయి, మడవడం ఇంకా సగం కూడా అవలేదు. పిల్ల మాట వినగానే ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఉండనివ్వండి అత్తయ్యా."

"నువ్విలా వెనకేసుకొచ్చే దానికి పొగరెక్కుతోంది."

మాసీనా రేడియో కట్టేసి పెరట్లోకి వెళ్ళిపోయింది. పదకొండేళ్ళ పిల్ల. నెల క్రితం క్లాసులో పక్కపిల్లతో గుసగుసలాడిందని ఇయాకోపో మాస్టారు ఎడమ చెంప మీద కొట్టాడు. ఒక దెబ్బతో ఆగలేదు. చెవిలోంచి నెత్తురు కారితే కుళాయి దగ్గర కడుక్కుని వచ్చి కూర్చోమన్నాడు. ఆ చెవి ఇక పనిచెయ్యదని రాజధాని ఆపియాలో డాక్టరు చెప్పాడు.

ఆ మాట విన్నరోజు సినాపాతి మొగుడు ఫెరెతి తోటకత్తి నూరుకున్నాడు. అది వాడే అవసరం రాలేదు. కిందటి ఆదివారం ఇంకా తెల్లవారకముందే మాస్టారు, ఆయన పెళ్ళాం, అన్నదమ్ములు వచ్చి వాకిట్లో తలలు వంచుకుని కూర్చున్నారు. మాస్టారి తలమీద సన్నని నేతచాప కప్పి ఉంది. ఆచారం ప్రకారం ఆ చాప ఎత్తితే క్షమించినట్టు, ఇక పగ పట్టకూడదు. ఎత్తకపోతే ఎండలో, వానలో అలాగే కూర్చోవాలి. ఫెరెతి అన్న మాలాకి ఇంటిపెద్ద. ఆయన వాళ్ళని పావుగంట కూడా కూర్చోనివ్వలేదు. వెళ్ళి చాప ఎత్తాడు. కౌగిలించుకున్నాడు. అందరూ ఏడ్చారు. సినాపాతి చేత కోకో కాయించి మాస్టారి చేతికి ఇప్పించారు. పిల్లని మాత్రం నిద్ర లేపలేదు.

మర్నాడు మాస్టారు మామూలుగా బడికి వెళ్ళాడు.

ఆ కోకో ఇచ్చిన చేతులతోనే సినాపాతి వారమంతా హోటల్లో గంటకి అయిదు తాలాల కూలికి దుప్పట్లు ఉతికింది. ఉతుకుతున్నంతసేపూ ఆయన్ని ఏం చెయ్యాలా అనే ఆలోచన. కత్తి చాలదనిపించింది. కత్తయితే ఒక్కసారితో అయిపోతుంది. ఆయన రోజూ పొద్దున్న లేచి, ఇస్త్రీ చొక్కా వేసుకోబోయి, ఎక్కడికీ వెళ్ళక్కర్లేదని గుర్తుతెచ్చుకోవాలి. పక్కన దుప్పట్లు పిండే తలీలా అంది:

"ఆపియాలో మాస్టార్లకి పట్టాలిచ్చే మండలి ఉందే పిచ్చిదానా. ఇచ్చినవాళ్ళే పీకేస్తారు. మా చెల్లెలి ఊళ్ళో ఒకణ్ణి పీకేశారు, ఇప్పుడు చేపలు పట్టుకుంటున్నాడు."

"చేపలు దొరుకుతున్నాయా?"

"ఎక్కడ! వలేసినా వాడి మొహం చూసి పారిపోతున్నాయి."

వారం రోజుల్లో సినాపాతి నవ్వింది అప్పుడే. అయినా చాప ఎత్తేశారు కదా అని మనసు వెనక్కి లాగుతూనే ఉంది.

ఈ ఆదివారం చర్చి వదిలాక తెల్లబట్టల జనం మెట్లమీద నిలబడ్డారు. మాస్టారు మాసీనాకి ఎడమవైపు నిలబడి, "ఏమ్మా మాసీనా, బాగున్నావా?" అని పలకరించాడు. పిల్లకి వినపడలేదు. తన దారిన మెట్లు దిగిపోయింది.

మాస్టారు చుట్టూ ఉన్నవాళ్ళవైపు తిరిగి నవ్వాడు. "చూశారుగా? ఇంత జరిగినా పొగరు తగ్గలేదు."

నలుగురు నవ్వారు. ఫెరెతి తల దించుకున్నాడు. సినాపాతి మాత్రం ఆ నవ్వు ఆగేదాకా ఆయన మొహంలోకే చూస్తూ నిలబడింది.

ఇంటికొచ్చాక అందరూ చాపలమీద వరసగా కూర్చున్నారు. ముందు మాలాకికి పెద్ద చేప, పందిమాంసం పెట్టారు. సినాపాతి పక్కన కూర్చుని విసనకర్రతో ఈగలు తోలుతోంది.

"బావగారూ, మాస్టారి మీద మండలిలో ఫిర్యాదు ఇస్తాను," అంది, విసరడం ఆపకుండానే.

మాలాకి నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. "చాప ఎత్తాం. మర్చిపోయావా?"

"మీరెత్తారు. మీ మాట మీరు నిలబెట్టుకోండి. ఆయన మీద మన మగవాళ్ళెవరూ చెయ్యెత్తరు. చాప ఆయన తలకి కప్పారు, ఉద్యోగానికి కప్పలేదు."

"సిగ్గు లేదుటే!" అంది అత్తగారు. "ఊరంతా మొహాన ఉమ్మేస్తుంది."

"ఈ ఇల్లూ, చేమతోటా నా మాట మీద నడుస్తున్నాయి," అన్నాడు మాలాకి మెల్లగా. "అది కూడా ఆలోచించుకో. ఆయనకి నలుగురు పిల్లలు. ఉద్యోగం పోతే వాళ్ళేం తింటారు?"

"అదే ఆలోచిస్తున్నాను. ఈ వారంలో నాకు కాస్త నిద్ర పట్టిందంటే ఆ ఆలోచనతోనే."

అలా అనకూడదని ఆమెకీ తెలుసు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

"ఒరేయ్ ఫెరెతీ, నీ పెళ్ళాం నోరు మూయించు," అన్నాడు మాలాకి.

ఫెరెతి చేమదుంప తుంచాడు. ఆ ముక్కని ఆకులోనే వదిలేశాడు.

వరస చివర కూర్చున్న మాసీనా ఒకరి తర్వాత ఒకరి మొహాలు చూస్తోంది. "ఏమైందమ్మా? ఏమన్నావు?"

సినాపాతి విసనకర్ర కింద పెట్టింది. ఈగలు మాలాకి చేపమీద వాలాయి. ఆమె లేచి, మర్యాద కాదని తెలిసినా కూర్చున్నవాళ్ళ ముందునుంచే నడిచి వెళ్ళి, కూతురి కుడివైపు కూర్చుంది.

"రేపు నీకు బడి లేదు. మొదటి బస్సుకి ఆపియా వెళ్తున్నాం. ఆయన నిన్నెలా కొట్టాడో మండలివాళ్ళకి నువ్వే చెప్పాలి."

"గట్టిగా చెప్పాలా?"

"గట్టిగా చెప్పాలి."