డబ్బా అడుగున ఎర్ర చుక్క

పోయిన నెల ఆసుపత్రిలో నర్సమ్మ అడిగింది నన్ను కాదు. నా కోడలి చేతికి బీపీ పట్టీ చుడుతూ, మోచేతి పైన కమిలిన చోట వేలు ఆపి, "ఇంట్లో నిన్నెవరైనా కొడుతున్నారా?" అని మెల్లగా అడిగింది. కోడలు నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను.

"మా ఇంట్లో అలాంటివేం లేవమ్మా."

నర్సమ్మ కాగితం మీద టిక్కు పెట్టింది. పక్కన అత్తను కూర్చోబెట్టుకుని కోడల్ని ఆ మాట అడగకూడదని ఆమెకు తోచలేదు, నోరు మూసుకోవాలని నాకూ తోచలేదు.

తోచలేదనడం అబద్ధం. నిజం చెబితే ఆ పిల్ల వెళ్లిపోతుందని భయపడ్డాను. రైలెక్కి కొందరు, మంచాన పడి కొందరు, నా కళ్లముందే ఒక్కొక్కరూ వెళ్లిపోయారు. ఇంట్లో నాతో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

ఈ నెల మావాడు కూడా వచ్చాడు. మొన్న ఐదు నెలల కడుపు మీదికి కాలెత్తినవాడు, ఇవాళ ఆమె సంచీ ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు.

మూత్రం పరీక్షకని నర్సమ్మ ప్లాస్టిక్ డబ్బా ఇచ్చింది. కోడలికి తల తిరుగుతోందంటే నేనూ వెంట వెళ్లాను. ఆడవాళ్ల బాత్రూం గోడ మీద ఒక కాగితం. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని, అక్షరం కనిపిస్తే వదలను. "ఇంట్లో మీకు భయంగా ఉంటే డబ్బా అడుగున ఎర్ర చుక్క అంటించండి. వెంట వచ్చినవారికి తెలియనివ్వం. కావాలంటే వెనక తలుపు నుంచి భద్రమైన చోటికి పంపుతాం." కింద ఎర్ర చుక్కల పట్టీ వేలాడుతోంది.

"చదివావా?" అన్నాను.

"చదివా అత్తయ్యా."

"మరి?"

"మనింట్లో అలాంటివేం లేవుగా" అంది, కొళాయి కట్టేస్తూ.

నా మాట నాకే అప్పజెప్పింది.

చుక్క ఊడదీయబోయాను. గోటికి దొరకలేదు. కోడలు చూసి, తనే గోటితో లేపి నా వేలి కొసకు అంటించింది.

"ఆయనతో తిరిగి ఇంటికెళ్లేది మీరు. ఆలోచించుకోండి."

"నన్నేం చేస్తాడే, కన్నదాన్ని!" అన్నాను. ఇద్దరం నమ్మలేదు. డబ్బా అడుగున అంటించాను.

నర్సమ్మ డబ్బా ఎత్తి చూసింది. మొహంలో ఏమీ మారలేదు. "రక్తం తీయాలి. అమ్మాయి ఒక్కతే రావాలి. చెప్పులు బయట వదులమ్మా."

"నేనూ వస్తా" అని మావాడు లేచాడు.

"వద్దు బాబూ. సూది చూస్తే మొగుళ్లే ముందు పడిపోతారు. మిమ్మల్ని లేపడానికి మా దగ్గర మనుషుల్లేరు."

బెంచీ అంతా నవ్వింది. వాడు చెవులు ఎర్రబడి కూర్చున్నాడు. కోడలు నీళ్ల సీసా నా చేతిలో పెట్టి, "తాగండత్తయ్యా" అని లోపలికి వెళ్లింది. వెళ్లొస్తానని అనలేదు. అనడానికి లేదు.

అరగంట గడిచింది.

"ఏంటమ్మా ఇంతసేపు?"

"ఏడాదికి సరిపడా తీస్తున్నారేమోరా."

వాడు నవ్వలేదు. గుమ్మం వైపు చూశాడు. "ఎక్కడికి పోతుందిలే, చెప్పులిక్కడే ఉన్నాయి."

అప్పుడే వెనకవైపు ఏదో బండి కదిలిన చప్పుడైంది. నేను తల తిప్పలేదు. తిప్పితే వాడూ తిప్పుతాడు.

ఇంకాసేపటికి వాడు లేచాడు. మణికట్టు పట్టుకున్నాను. "కళ్లు తిరుగుతున్నాయిరా, కూర్చో."

"వదులమ్మా."

"కాసిని నీళ్లు తాగించరా."

విసుక్కుంటూ కూర్చుని సీసా మూత తిప్పాడు. ఒక్కో గుక్కా తాగుతున్నాను. సీసాలో ఇంకా సగం ఉంది. బయట ఎండకు నేల కాలిపోతుంటుంది. ఆ పిల్ల కాళ్లకు చెప్పులు లేవు.