చెవికుచ్చుల పుంజు

"నీళ్ళు కాగాక ఆ తోక పుంజుగాణ్ణి కోసెయ్ నొయెమీ, మధ్యాహ్నం ఫెర్మిన్ భోజనానికొస్తున్నాడు," అన్నాడు ఎలిసెయో బూట్లు తొడుక్కుంటూ. నేను పొయ్యిలోకి కట్టె తోస్తున్నాను. నా కూతురు ఐలిన్ నా పావడా పట్టుకుని వేలాడుతోంది. "మా చాంపియన్‌ని సాయంత్రానికల్లా పెట్టల్లోకి వదిలెయ్. ఈసారి పిల్లలన్నీ వాడి పోలికే దిగాలి." తలుపు తీసి వానలోకి వెళ్ళిపోయాడు. నేను సరే అన్నానో లేదో అతను వినలేదు, అసలు ఎప్పుడూ ఆగి వినలేదు.

మా వైపు కోళ్ళు ఆడవాళ్ళ సొత్తు. కోడలు ఇంట్లో అడుగు పెట్టిన రోజున అత్త తన కోళ్ళలోంచి ఒక పెట్టను చేతికిస్తుంది. ఐలిన్ కడుపులో పడి, పదో తరగతి సగంలో వదిలేసి నేనీ ఇంటికొచ్చినప్పుడు అత్తయ్య బూడిదరంగు పెట్టనిచ్చింది. చెంపలకిరుపక్కలా కమ్మల్లా కుచ్చులు, వెనక తోక లేదు, గుడ్డు పెడితే ఆకాశం ముక్క పడ్డట్టుండేది. అలాంటి కోళ్ళు ఈ నదికి అటూ ఇటూ కలిపి పది ఇళ్ళల్లో కూడా మిగల్లేదు. అప్పట్లో ఎలిసెయోకి వాటి మేత ఎక్కడుంటుందో కూడా తెలియదు. పట్నంలో సంత పెట్టి, అందమైన పుంజుకి బహుమతిగా నీలం రిబ్బను కట్టడం మొదలుపెట్టాక మాత్రం అవి 'నా కోళ్ళు' అయ్యాయి. మేత వేసేది, గూడు కడిగేది, రాత్రి నక్క రాకుండా తలుపు వేసేది మేమే. పుంజును ఎంచేది అతను. పెద్ద కుచ్చులున్న పుంజును ఎక్కణ్ణుంచో తెచ్చాడు, దానికి రిబ్బను వచ్చింది, చాంపియన్ అనే పేరూ వచ్చింది, ఆ రిబ్బను మా పెళ్ళిఫోటో పక్కన గోడకి వేలాడింది.

పోయినేడు చలికాలంలో నాకు ఆరో నెలలో బిడ్డ పోయింది. "ఏం ఎత్తావ్?" అన్నాడు ఆస్పత్రి మంచం పక్కన నిలబడి. మొదటి మాట అదే. బంగాళాదుంపల బస్తా ఎత్తాను. వాన పడుతోంది, ఎత్తేవాళ్ళెవరూ లేరు, తడిసిపోతాయని ఎత్తాను. ఒక్కోసారి ఎవరూ ఏమీ చేయకుండానే ఇలా జరుగుతుందమ్మా అని మంత్రసాని చెప్పింది. ఆమె చెప్పేటప్పుడు అతను బయట ఫోన్లో ఉన్నాడు. నేను విన్నాను కానీ నమ్మలేదు. ఇప్పటికీ ఐలిన్ దగ్గితే, నిద్రలో కదలకపోతే, ఈసారి ఏం ఎత్తానో అని వెతుక్కుంటాను.

వసంతం రాగానే, చాంపియన్‌తో కలిశాక బూడిద పెట్ట పెట్టిన పదమూడు గుడ్లు దాని కిందే పొదగేశాను. ఇరవై ఒక్క రోజులు అది మేతకి తప్ప లేవలేదు. ఒళ్ళంతా ఈకలు రాలి ఎండుకట్టెలా అయింది. దిగినవి ఐదే. చుట్టాలంతా పొయ్యి చుట్టూ కూర్చుని ఉండగా ఎలిసెయో నవ్వుతూ అన్నాడు, "మా ఇంట్లో ఆడదేదీ సరిగ్గా పొదగలేదు లెండి." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అత్తయ్య ఒక్కతే నవ్వలేదు, చేతిలోని మాతే ఆకుటీ బుర్ర వైపు చూస్తూ ఉండిపోయింది.

పిల్లలు తల్లి అవసరం లేకుండా తిరగడం నేర్చిన వారానికి, "ఆ పెట్ట ఇంక దండగ, కోసెయ్," అన్నాడు. కోశాను. ఒప్పుకోవలసింది కోయడం గురించి కాదు. దాన్ని చంకలో పెట్టుకుని పెరట్లోకి నడుస్తుంటే నాకు తేలిగ్గా అనిపించింది. తప్పు చేసింది ఇంట్లో నేనొక్కదాన్నే కాదు, నా పక్కన నిలబడటానికి ఇంకొకతె దొరికింది అనిపించింది. అది నా చేతిలో గింజుకోలేదు. రోజూ మేత పెట్టే చెయ్యి కదా.

కూర పొయ్యిమీద ఉడుకుతుండగా, పిల్లలు దిగని ఆ ఎనిమిది గుడ్లూ గుర్తొచ్చాయి. గూటి వెనక గడ్డిలో అలాగే పడి ఉన్నాయి. పాతిపెడదామని తీసి ఒక్కొక్కటీ రాయికేసి పగలగొట్టాను. నాలుగింట్లో ఏమీ లేదు, నీళ్ళే. మిగతా నాలుగింట్లో పిల్లలున్నాయి. నూగు కూడా వచ్చేసిన నిండు పిల్లలు, ఎండి పెంకుకి అంటుకుపోయి. నాలుగింటికీ చెంపలకిరువైపులా కుచ్చులు. ఇంత నిండేదాకా పెరిగాయంటే పెట్ట వేడి తక్కువై కాదు. అది పొదిగింది. చివరిదాకా పొదిగింది. నేను గుంట తీసి పాతిపెట్టి, చేతులు కడుక్కుని, లోపలికొచ్చి అందరికీ వడ్డించాను. ఎవరికీ చెప్పలేదు.

ఏడాది గడిచింది. ఆ ఐదింటిలో ఒకటే పుంజు. కుచ్చుల్లేవు, తోక ఉంది, ఊరి పుంజుల్లాగే ఉంటాడు. తల మీద మాత్రం తల్లి బూడిదరంగు. ఇవాళ కోయమన్నది వాణ్ణే.

కాగే నీళ్ళ ముందు నిలబడ్డాను. అత్తయ్య పొయ్యి పక్కనుంచి నన్నే చూస్తోంది.

"అత్తయ్యా, పాత రోజుల్లో మీరు పుంజును ఎట్లా ఎంచేవారు?"

"ఇప్పుడు గుర్తొచ్చానా నేను," అంది. మాతే ఒక గుక్క పీల్చింది. "కుచ్చుల పెట్టకి కుచ్చుల పుంజును కట్టనిచ్చేది కాదు మా అత్త. కొన్ని పెంకులోనే పోతాయని. కుచ్చుల్లేనోడే కావాలి. వాడు ఎంత అనాకారైనా సరే."

మట్టిలో పాతిన ఆ నాలుగు పిల్లలు గుర్తొచ్చాయి. "మరి పోయినేడు చెప్పలేదే?"

"మీ ఆయన రిబ్బను గోడకి కొట్టేశాడుగా. మేకు శబ్దంలో నా మాటెవడికి వినపడుద్దే?" అని, గొంతు తగ్గించింది, "పెట్టను కోసేటప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. నిన్ను బస్తా సంగతి అడిగేటప్పుడు కూడా నోరు మూసుకునే ఉన్నా. నాకు మూడు కడుపులు పోయాయే నొయెమీ. నేనేం ఎత్తలేదు. మంచం మీదే పడుకోబెట్టారు, అయినా పోయాయి."

ఆమెను కావలించుకోలేదు. కోపం కూడా వచ్చింది. ఇన్నాళ్ళూ ఆ మాట ఆమె నోట్లో ఉండగా నేను రోజూ ఆ బస్తా మోస్తూ తిరిగాను. కానీ నేను మాత్రం ఏం చేశాను? పగిలిన పెంకుల్ని మట్టిలో దాచినదాన్ని నేనే.

ఐలిన్‌ని అత్తయ్య ఒళ్ళో కూర్చోబెట్టి కొట్టం వైపు వెళ్ళాను. చాంపియన్‌ని పట్టుకుని, సంతకి తీసుకెళ్ళే చెక్కపెట్టెలో పెట్టి గడియ వేశాను. మేతా నీళ్ళూ పెట్టాను, వాడి తప్పేముంది. తర్వాత పెట్టల గూటి తలుపు తీసి, తోకవాణ్ణి లోపలికి వదిలాను. ఒక నిమిషం బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. తర్వాత మెడ చాచి, బొంగురు గొంతుతో సగం కూత కూశాడు.

మధ్యాహ్నం పళ్ళేల్లో గోధుమలూ బంగాళాదుంపలూ, పైన పొగబెట్టిన మిరపపొడి. ఎలిసెయోకి తమ్ముడి వరసయ్యే ఫెర్మిన్ గరిటెతో గిన్నె అడుగుదాకా వెతికాడు. "వదినా, కోడి ఎగిరిపోయిందా ఏంటి?"

ఎలిసెయో నవ్వలేదు. "తోకవాడేడి?"

"పెట్టల్లో ఉన్నాడు."

"చాంపియన్?"

"పెట్టెలో. సంతకి తీసుకెళ్ళు, రిబ్బన్లు తెచ్చుకో. నా పెట్టల దగ్గరికి మాత్రం వాడు రాడు."

"పిచ్చి పట్టిందా? పోయినేడు నువ్వూ నీ పెట్టా కలిసి చేసిన నిర్వాకం చాల్లేదా?"

అత్తయ్య చెంచా కింద పెట్టింది. ఆమె ఏదో అనబోయింది కానీ నేను ఆగలేదు. చేతులు పావడాకి తుడుచుకున్నాను.

"ఆ పెట్ట బాగానే పొదిగింది ఎలిసెయో. పెంకులు పగలగొట్టి నేను చూశాను. చూసి కూడా ఏడాది నోరు మూసుకున్నాను. దాన్ని చంపిన తప్పు నాది, చచ్చేదాకా నాదే," అన్నాను. "బిడ్డ పోయింది మాత్రం నా తప్పు కాదు."