తినిపించినవాళ్ల నోట్లో

పొద్దున్నే ముఖం కడిగించి, ఎలిజబెత్‌ను గడప మీద కూర్చోబెట్టి, చెంచాడు ఖనిజాల పొడి తేనెలో రంగరించి నోట్లో పెట్టేది తెరేసమ్మ. ఆరేళ్ల పిల్ల బొరుగులు నమిలినట్టు నమిలేది. మొహం వికారంగా పెట్టేది మాత్రం తల్లి. ఎలిజబెత్‌కు ఎవరు తినిపిస్తే రుచి వాళ్ల నోట్లోకి పోతుంది. పుట్టినప్పటినుంచీ అంతే. పాయసమైతే తినిపించడానికి వన్‌టౌన్ సందులో ఆడవాళ్లంతా తయారు. ఉబ్బసం మందనేసరికి అందరికీ ఇళ్లలో పనులు గుర్తొచ్చేవి.

"ఇవాళ ఎట్టా ఉందమ్మా?" అనడిగేది పిల్ల, కళ్లు మెరిపిస్తూ.

"తుప్పు మేకులు పాచినీళ్లలో నానేసినట్టుంది. మాట్లాడకుండా మింగు."

డెబ్బై నాలుగు మార్చి, ఈస్టరుకు ముందొచ్చే తపస్సు కాలం. కొందరు మాంసం మానేస్తే, తెరేసమ్మ ఈ రోతను దేవుడికి సమర్పించింది. కడుపులో ఎంత తిప్పితే అంత పుణ్యం. ఇక ఆ మందును అనుమానించడం ఎక్కడిది?

డాక్టరుగారు చెప్పింది వేరు: "మాత్రలు ముఖ్యమమ్మా. మెగ్నీషియం పొడి పక్కన తోడు, అంతే."

పొడి అమ్మే బంగార్రాజు మాత్రం, "తోడేంటండీ, పెళ్లికొడుకే ఇది. మాత్రలు గుండెకు చేటు," అన్నాడు. ఆమె మాత్రల్ని బియ్యం డబ్బా వెనక్కి నెట్టేసింది. మూడు వారాలకు పిల్ల రొమ్ములో పిల్లికూతలు ముదిరాయి. నాలుగడుగులేస్తే ఊపిరాడక కూలబడేది.

వీపున వేసుకుని కొట్టుకు తీసుకెళ్లింది.

"తప్పు మందుది కాదు, మీ చేతి మహిమండీ," అన్నాడు బంగార్రాజు, బేరగాళ్లు వింటుండగా. "నేను పెడతాను చూడండి."

"వద్దు బాబాయిగారూ, మీ నోరు పాడవుద్ది."

"పాతికేళ్లుగా అమ్ముతున్నా. నా సరుక్కి నేనే జడుస్తానా?"

పిల్ల హాయిగా మింగింది. బంగార్రాజు పరుగెత్తుకెళ్లి సైడు కాలవలో ఉమ్మాడు. సోడా తాగి ఉమ్మాడు. నాలిక గీక్కుని మళ్లీ ఉమ్మాడు. బేరగాళ్లు ఒక్కొక్కరే పొట్లాలు కింద పెట్టేశారు.

"ఇది ఇటుక పొడండీ," అన్నాడు కళ్లనీళ్లతో. "నాకు సరుకేసేవాడు నా కొంప ముంచాడు. రోజూ ఎట్టా భరించారు?"

"దేవుడి కోసం అనుకున్నానండి."

"దేవుడు ఇటుకలు అడగలేదు గదమ్మా. ఆ మాత్రలు పారేయలేదు గదా?"

కొట్టు మూసి, తల్లీపిల్లల్ని తనే రిక్షా ఎక్కించాడు. డాక్టరుగారు ముగ్గుర్నీ సమానంగా తిట్టి, మాత్రలు మళ్లీ మొదలుపెట్టించారు.

ఈస్టరు వెళ్లాక ఒక ఆదివారం గుణదల కొండ మెట్లు ఎలిజబెత్ ఒక్క దమ్మున ఎక్కేసింది. ముప్పయ్యో మెట్టు మీద నడుం పట్టుకుని రొప్పుతూ, "ఆగవే, నీ దుంపతెగ," అని తిట్టింది తెరేసమ్మ. పిల్ల అప్పటికే అవతలివైపు పరుగెడుతోంది.