గోడకి పురాతన హోదా

మా ఇల్లు చారిత్రక కట్టడమని మునిసిపాలిటీ తీర్మానం చేసిన రోజున అందరికంటే ఎక్కువ ఎగిరింది నేనే. మా తాతగారు కట్టిన ఫోటో స్టూడియో అది. గాజు పలకల పైకప్పు ఉన్న పాత స్టూడియో పట్టణం మొత్తంలో ఇదొక్కటే మిగిలిందట. రోడ్డు వెడల్పు చేస్తామని గోడ మీద ఎర్ర గుర్తులు పెట్టి వెళ్ళినవాళ్ళే మళ్ళీ వచ్చి, ఆ గుర్తుల పక్కనే ఫలకం బిగించి, దాని ముందు నిలబడి ఫోటో తీయించుకున్నారు. తీసిందీ నేనే. ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు.

ఇల్లు రెండు వాటాలు. వీధివైపు దుకాణం నాది, వెనక సందువైపు గాజుకప్పు గది అక్కది. మధ్యలో ఒకప్పుడు తలుపుండేది. ఏదో గిన్నె ఎవరు తీశారన్న దగ్గర మొదలైన మాట తాతల దాకా పోయి, అక్కకీ నాకూ మాటల్లేకుండా పోయాయి. మా బావగారు పట్టుదల మనిషి. ఒక ఆదివారం ఇటుకలు తెచ్చి, తలుపు ఊడదీసి, తనే స్వయంగా గోడ కట్టేశారు. ఆయన పోయాక అక్కా నేనూ ఒకటయ్యాం. గోడ మాత్రం అలాగే ఉంది. అక్క దగ్గరికి వెళ్ళాలంటే వీధి చివరిదాకా నడిచి, మలుపు తిరిగి, సందులోకి రావాలి.

మొన్న వానల్లో అక్క స్నానాలగదిలో జారిపడింది. చెంబుతో గోడ మీద కొట్టింది. నేను విని పరుగు అందుకున్నాను. తీరా వెళ్తే తలుపుకి లోపల గొళ్ళెం! సందులో సైకిళ్ళు బాగుచేసే ఆయన వచ్చి కిటికీ ఊచలు వంచి లోపలికి దూరాల్సి వచ్చింది. మణికట్టుతో పోయింది కాబట్టి సరిపోయింది. ఆ రోజే నిర్ణయించుకున్నాను, గోడ కొట్టించి తలుపు పెట్టించాల్సిందే. అక్క మళ్ళీ పడితే నేను వెంటనే చేరాలి. నాకు కావలసింది అంతే.

"నీ ఇష్టం" అంది అక్క. ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. నేను పట్టించుకోలేదు.

మేస్త్రీ సుత్తి ఎత్తాడో లేదో, మునిసిపాలిటీ మనిషి ఊడిపడ్డాడు.

"ఆపండాపండి! ఇది రక్షిత గోడ."

"ఏం రక్షణ బాబూ? మా బావగారు నిన్నగాక మొన్న కట్టారు."

"తనిఖీ రోజున ఏది ఎలా ఉంటే అలాగే ఉండాలమ్మా. తనిఖీ రోజున ఇక్కడ గోడ ఉంది."

వాళ్ళు తనిఖీకి వచ్చిన రోజున గాజుకప్పు మీద నేను ఎండేసిన దుప్పటి కూడా ఉంది. మరి అదీ చారిత్రకమేనా అని అడిగాను. అతను నిజంగానే ఆలోచించాడు. కనుక్కుని చెప్తానన్నాడు.

ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను. కింద గదిలో గుమాస్తా చెప్పినదాని ప్రకారం, గోడ కొట్టాలంటే అది కొత్తదని రుజువు కావాలి. పై గదిలో ఉన్న ఆవిడేమో, కొత్తదైతే అనుమతి లేకుండా కట్టినట్టే, కాబట్టి ముందు దానికి అనుమతి తీసుకోవాలంది. తీసుకుంటే కొట్టొచ్చా అన్నాను. అనుమతి ఉన్న గోడని ఎందుకు కొడతారమ్మా అని ఆవిడే నన్ను ఎదురడిగింది. నాకు తలా తోకా తెలియలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి! మెట్లు దిగుతూ ఉంటే, అసలు నేను వచ్చింది గోడ కట్టడానికా పడగొట్టడానికా అన్న అనుమానం వచ్చింది.

చివరికి ఇంజనీరు ఒకాయన దొరికాడు. కుర్రాడే అయినా మనిషిలా మాట్లాడాడు.

"ఇంత గొడవ అక్కర్లేదమ్మా. నేనొచ్చి చూస్తా. యజమానులు ఇద్దరూ నా ముందర, ఇక్కడ తలుపుండేదని ఒక్క మాట చెప్పండి. కొత్త గోడని రాసేస్తా. మర్నాడే కొట్టించుకోండి."

ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోయి ఆగాను.

అనుకున్న రోజున ఇంజనీరు అక్క వాటాలో, ఆ గోడ ముందు నిలబడి కలం తీశాడు. నేను ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను, తలుపు ఎక్కడుండేదో, ఎటు తెరుచుకునేదో, ఎలా కిర్రుమనేదో. ఆయన తలూపి అక్క వైపు తిరిగాడు.

"మీరేమంటారు పెద్దమ్మా?"

అక్క కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని గోడ వైపు చూసింది.

"తలుపేమీ లేదు బాబూ. నాకు తెలిసినప్పట్నుంచీ గోడే."

"అక్కా! మతుండే మాట్లాడుతున్నావా?"

"మా చెల్లెలు వేరే ఏదో తలుపు అనుకుంటోంది" అంది అక్క, ఎంతో మర్యాదగా.

ఇంజనీరు నన్ను చూశాడు, అక్కని చూశాడు, పాపం ఏం రాయాలో తెలియక కలం మూత పెట్టాడు, తీశాడు. చివరికి పాత గోడేనని రాసుకుని వెళ్ళిపోయాడు. ఇక దాన్ని ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు.

ఆయన సందు దాటేదాకా ఓపిక పట్టాను.

"నీకేమైనా పిచ్చా? నీకోసం కుక్కలా తిరిగానే! బావగారి జ్ఞాపకమనా? అలా అయితే ముందే చెప్పి ఏడవచ్చుగా!"

"ఆయన జ్ఞాపకమా?" నవ్వింది అక్క. "ఆ వంకర గోడా? చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది నాకు."

"మరి?"



"తలుపున్నప్పుడు తల లోపలికి పెట్టి, 'అక్కా, కత్తెర' అనేదానివి. ఇస్తే పట్టుకుపోయేదానివి. 'అక్కా, పాలు పొంగుతాయి చూడు' అని అక్కణ్ణుంచే కేకేసేదానివి. ఇప్పుడేమో వీధంతా చుట్టి వస్తున్నావా, ఇంత దూరం వచ్చాను కదా అని చెప్పులు విప్పి కూర్చుంటున్నావు."

"దానికోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా? ఈసారి తల పగిలితేనో?"

"గొళ్ళెం పెట్టనులే ఇకనించి. గోడ మీద కొడతా, వస్తావు."

"తలుపు పెట్టినా కూర్చుంటానుగా! ఎందుకు కూర్చోను?"

"అప్పుడు ఎప్పుడైనా కూర్చున్నావా? ఒక్కసారి చెప్పు."

చెబుదామనే నోరు తెరిచాను. అన్నేళ్ళు తెరిచి ఉన్న తలుపు. పండగలూ పెళ్ళిళ్ళూ కాకుండా, ఏ పనీ లేకుండా, ఉత్తినే దాన్ని దాటి వచ్చి అక్క పక్కన కూర్చున్న రోజు కోసం వెతికాను. వెతుకుతూనే ఉన్నాను. అక్క కూడా నేను చెబుతానేమోనని నా మొహంలోకే చూస్తోంది.

కాసేపటికి తనే అడిగింది.

"దుకాణానికి వెళ్ళవా?"

"వెళ్తాలే" అన్నాను.