ఖాళీ మీట

"కూర్చుని మీటలు నొక్కడానికి కూడా చెయ్యి నొప్పేనా?" అన్నాడు భర్త, ఆమె మణికట్టుకి చుట్టుకున్న గుడ్డ చూసి. అంటూనే ఇస్త్రీ చెయ్యమని తన చొక్కా ఆ చేతికే ఇచ్చాడు. పక్కగదిలోంచి అత్తగారు అందుకుంది. "మావి బావిలో నీళ్లు తోడిన చేతులు. ఏనాడన్నా నోరెత్తామా?" ఆమె ఇస్త్రీ చేసి, వంటిల్లు సర్ది, బస్సెక్కింది.

ఆమెది వాతావరణ కార్యాలయంలో ఉద్యోగం. అరవై ఊళ్లలో ఎంతెంత వాన పడిందో రోజూ కంప్యూటర్లో సరిచూడాలి. ఊరూరికీ నల్లతెర మీద మూరెడు పొడవు కమాండ్ కొట్టి, చివర ఆ ఊరి నంబరు వెయ్యాలి. మధ్యలో ఒక్క చుక్క తప్పినా మళ్లీ మొదటికే. తొమ్మిదేళ్లుగా ఇదే పని. "ఆడవాళ్లకి ఓపికెక్కువ కదమ్మా, అందుకే మీకిచ్చాం" అంటాడు పై అధికారి, మెడలో దండ వేసినట్టు. నిజమే కాబోలనుకుని ఆమె కూడా మోస్తూ వచ్చింది.

ఆ రోజు పదో ఊరికే చెయ్యి మొరాయించింది. ఊరికే కూర్చోవడం అలవాటు లేక, ఎడమచేత్తో ఆ నల్లతెర వాడకం గురించిన పేజీలు తెరిచి చదవసాగింది. ఒక వాక్యం దగ్గర ఆగిపోయింది. ఏ మీటకి ఏ అర్థమో వాడేవాళ్లే పెట్టుకోవచ్చట. సెట్టింగుల ఫైల్లో ఒక్క వరుస రాస్తే చాలట.

కీబోర్డు పై వరుసలో ఎఫ్-నైన్ మీట దుమ్ము పట్టి ఉంది. దాంతో ఎవరికీ పని పడలేదు. ఆ మీటకి తన కమాండే అర్థమని ఆమె ఫైల్లో ఒక వరుస రాసి, రెండుసార్లు సరిచూసుకుని, తెర మూసి మళ్లీ తెరిచి, ఆ మీట నొక్కింది.

రెప్పపాటులో మూరెడు పొడవు కమాండూ వచ్చి నిలబడింది, నంబరు కోసం ఎదురుచూస్తూ. వేడి తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. చెరిపేసి మళ్లీ నొక్కింది. మళ్లీ వచ్చింది. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుండాలో పదేళ్లుగా చెబుతున్నా వినేవాళ్లు లేరే, ఇదేమిటి, ఒక్కసారి చెబితే విన్నది! అంతకన్నా వింత, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఎప్పుడో దీన్ని తయారుచేస్తూ, ఇక్కడ కూర్చోబోయేవాళ్లకి తమ ఇష్టమంటూ ఒకటి ఉండవచ్చని తలచాడు. తలచి, ఇంత చోటు వదిలిపెట్టాడు. తనని ఎరిగినవాళ్లెవరికీ రాని ఆలోచన. ఆమె ఎడమచేత్తో పదో ఊరి నంబరు వేసింది.

రోజూ సాయంత్రం దాకా పట్టే అరవై ఊళ్లూ రెండింటికల్లా అయిపోయాయి. అధికారి వచ్చి, ఆమె ఆ మీట నొక్కి చూపిస్తే ఆశ్చర్యపోయాడు. "బాగుందమ్మా. ఆ ఫైలు నాకు పంపండి, రేపు మీటింగులో చూపిస్తాను."

"నేనే వచ్చి చూపిస్తాను సార్" అంది. మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికి వచ్చేసిన భర్త మూడింటికి ఫోన్ చేశాడు. "అమ్మ దుప్పట్లు ఉతకాలంటోంది. పని తొందరగా అయితే వచ్చెయ్యి."

"అయిపోయింది. ఆరింటికి వస్తాను."

"అయిపోతే ఇంకా అక్కడేం చేస్తావు?"

ఆమె తెర మీద తర్వాతి పేజీ తిప్పింది.

"దుప్పట్లు మీరు నానబెట్టండి. నేను చదువుకుంటున్నాను."