కాస్త తోడు

నేను ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో సగాన్ని. నిండు డ్రమ్ముగా ఉన్న రోజుల్లో ఒక సబ్బుల ఫ్యాక్టరీకి నూనె మోశాను. ముసలితనం రాకముందే విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్టుకు చేరాను. కొట్టువాడు కోత మిషను పెట్టి నన్ను నడుముకు అడ్డంగా కోసి, చిల్లులు పొడిచి, రెండు తొట్లు తయారయ్యాయన్నాడు. రెండేమిటి, నా మొహం! అక్కడున్నది నేనొక్కటే కదా.

మమ్మల్ని కొన్నది తిరుపతమ్మ. హాస్టల్లో వంట చేసి రిటైరైన మనిషి, పెళ్లి చేసుకోలేదు. పటమటలో ఒక ఇంటి పై వాటాలో ఉండేది. డాబా మీద మా ఇద్దరినీ పక్కపక్కనే పెట్టి మట్టి, పశువుల ఎరువు నింపింది. ఏ మొక్కనీ ఒంటిగా పెట్టకూడదన్నది ఆమె పట్టుదల. నాలో టమాటా, దాని పక్కన బంతి. రెండో సగంలో మొక్కజొన్న, దాన్ని పట్టుకుని పాకడానికి చిక్కుడు. బంతి ఉంటే టమాటా వేళ్లకు పురుగు తగ్గుతుందట. అలా పక్కన పెట్టే మొక్కను ఆమె ‘తోడు’ అనేది. మొక్కల సంగతి ఇంత తెలిసిన మనిషి, మధ్యాహ్నం నా పక్కన స్టూలు వేసుకుని ఒక్కతే పెరుగన్నం తినేది.

ఒకరోజు కింది వాటాలో కొత్తగా దిగిన ప్రమీల చిన్న స్టీలు గిన్నెతో డాబా ఎక్కింది.

“అక్కా, కాస్త తోడుంటే ఇస్తారా?”

తిరుపతమ్మ చేతులు అప్పటికి మట్టిలో ఉన్నాయి. “తోడు లేకుండా ఎట్టా ఉంటది? ఇటియ్యి,” అని ఆ గిన్నెలో గుప్పెడు మట్టి పోసి, బంతి నారు నాటి ఇచ్చింది.

ప్రమీల గిన్నెలోకి చూసింది, ఆమె మొహంలోకి చూసింది. “పాలు గోరువెచ్చగా చేసి వచ్చానక్కా. దీంతో తోడుకుంటాయంటారా?”

తిరుపతమ్మ అంత గట్టిగా నవ్వగలదని నాకు ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత రెండేళ్లు డాబా మీద రెండు స్టూళ్లు ఉండేవి.

ప్రమీల భర్తకు కర్నూలు బదిలీ అయింది. గుర్తుగా ఏం కావాలని తిరుపతమ్మ అడిగితే, ప్రమీల చిక్కుడు పాకిన తొట్టిని చూపించింది. మనుషులు మనసు విప్పి ఇచ్చేటప్పుడు తొట్లను అడగరు. తీగ కొస ఒకటి నా అంచుకు చుట్టుకుని ఉంటే తిరుపతమ్మే గోటితో తెంపి, నా రెండో సగాన్ని లారీ ఎక్కించింది. కోత మిషను ఇంకోసారి తగిలినంత నొప్పి పుట్టింది నాకు. ఆ వారం నాలో బంతి కూడా ఎండిపోయింది. ఆమె పట్టించుకోలేదు.

కింది వాటాలోకి ఇంకో అమ్మాయి వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి బట్టలు ఆరేస్తుంటే, తిరుపతమ్మ ఖాళీ గిన్నె పట్టుకుని దగ్గరికి వెళ్లింది. గట్టి పెరుగుతో అన్నం తిని, అప్పుడే నా ముందు చెయ్యి కడుక్కున్న మనిషి!

“కాస్త తోడుంటే ఇస్తావా అమ్మా?”

“మేం పాలు తోడెయ్యం ఆంటీ. పెరుగు ప్యాకెట్టే కొంటాం, అదీ పొద్దున్నే అయిపోయింది,” అంది అమ్మాయి మర్యాదగా, చివరి చీరకు క్లిప్పు పెడుతూ.

తిరుపతమ్మ సరేనని తల ఊపింది. నా దగ్గరికి వచ్చింది. టమాటా పక్కన కొత్త బంతి నారు గుచ్చి, ఆ గిన్నెతోనే నీళ్లు పోసింది.

నాలోని టమాటాకు తోడు దొరికింది. ఆమె ఖాళీ గిన్నె పట్టుకుని మెట్లు దిగిపోయింది.